మాక్ టెస్టు దొంగలు

గాయత్రికి కోపం తొందరగా వస్తుందని ఆళ్లగడ్డలో చాలామందికి తెలుసు. వచ్చిన కోపం తొందరగా పోదని వాళ్ల నాయనకే తెలుసు. ఆయన విగ్రహాలు చెక్కే మనిషి. ఇంటి ముందు రేకుల షెడ్డులో పొద్దంతా ఉలి చప్పుడే. ఆ చప్పుడులోనే చదువుకుని ఆమె బీఎస్సీ పూర్తి చేసింది. ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతూ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి తీరాలని పట్టు పట్టింది. దానికి ఎంట్రన్సు రాయాలి. ఎంట్రన్సుకు ముందు మాక్ టెస్టులు రాయాలి. అందుకు నంద్యాల పోవాలి.

నంద్యాలలో కోచింగు సెంటర్లకు కొదవేముంది, సందుకొకటి. గాయత్రి చేరిన సెంటర్లో ప్రతి ఆదివారం అసలు పరీక్షలాగే టెస్టు పెట్టేవారు. ఆమెకు తోడు వందన. డిగ్రీలో ఆమెకు జూనియరు, విత్తనాల గోడౌనుకు కాపలా ఉండే డేనియల్ కూతురు. చదువులో గాయత్రికన్నా మెరుగే గానీ నలుగురిలో నోరు విప్పదు.

టెస్టు అయిపోగానే ప్రశ్నపత్రం, జవాబు పత్రం రెండూ లాగేసుకునేవారు. మర్నాడు ఫోనుకు మార్కులొచ్చేవి. అంతటితో సరి. ఏది తప్పు పోయిందో, ఎందుకు పోయిందో చెప్పే దిక్కు లేదు. గాయత్రి కొన్ని వారాలు ఓర్చుకుని, ఒకరోజు నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"యాడ తప్పు చేస్తాండామో తెలీకుండా మార్కులు తెలిసి ఏం లాభం సార్? మా పేపర్లు మాకియ్యండి."

"పేపర్లు బయటికి పోతే పక్క సెంటరోళ్లు కొట్టేస్తారమ్మా. మార్కులు చూసుకో, కష్టపడు. చాలు."

చాలట! జ్వరం ఎంతుందో చెప్పి మందు చెప్పకుండా పంపేసే డాక్టరును ఏమంటాం? ఫీజు మాత్రం ముందే ముక్కు పిండి వసూలు చేశాడాయన. గాయత్రికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక ఉపాయం తట్టింది.

మరుసటి ఆదివారం నుంచి ఇద్దరూ పేపరును పంచుకున్నారు. పరీక్ష మొత్తం ఇద్దరూ రాస్తారు, కానీ గుర్తు పెట్టుకోవడానికి మొదటి సగం వందనది, రెండో సగం గాయత్రిది. బయటికొచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కగానే ఎవరితోనూ మాటలుండవు. వందన కళ్లు మూసుకుని ప్రశ్నలు అప్పజెబుతుంది, గాయత్రి రాసుకుంటుంది. తర్వాత గాయత్రి తన సగం రాస్తుంది. దారిలో సిరివెళ్ల దాటేసరికి పేపరు మొత్తం తిరిగొచ్చేది. పక్క సీటువాళ్లు వీళ్లకేదో మతి తప్పిందనుకునేవారు. అనుకోనీ.

వారమంతా షెడ్డు పక్కన కూర్చుని ఆ ప్రశ్నలు విప్పేవారు. ఎక్కడ ఏ జవాబు పెట్టిందీ, దాన్ని ఎందుకు పెట్టిందీ ఒకరినొకరు నిలదీసుకునేవారు. వందన తప్పు అక్కడే దొరికింది. ఆ పిల్ల ముందు పెట్టే జవాబులు దాదాపు అన్నీ సరైనవే. ఆఖర్లో భయపడి దిద్ది చెడగొట్టుకుంటోంది. "దిద్దితే చెయ్యి ఇరగ్గొడతా" అని గాయత్రి బెదిరించింది. గాయత్రి లెక్కల ప్రశ్నల దగ్గరే మొండిగా కూర్చుని టైము పోగొట్టుకుంటోందని వందన కనిపెట్టింది. ఇద్దరి మార్కులూ వారం వారం పెరిగాయి. ఇంకేం కావాలి? మాక్ టెస్టు ఉన్నదే అందుకు కదా.

నంద్యాల రాలేని స్నేహితురాళ్లు ఆళ్లగడ్డలో ఇంకొందరున్నారు. ఆ ప్రశ్నలు వాళ్లకూ వాట్సాప్‌లో పంపారు. ఆ మెసేజు చేతులు మారి మారి డైరెక్టరు ఫోనుకే చేరింది.

ఆ ఆదివారం ఆయన క్లాసులో అందరి ముందూ ఇద్దరినీ లేపి నిలబెట్టాడు. ప్రశ్నలు పంపింది గాయత్రి ఫోను నుంచి. ఆయన చూసింది మాత్రం వందన వైపు.

"మా పేపర్లు దొంగిలించి పంచుతాండారు. ఇట్లాంటి దొంగలకు హాల్ టికెట్లు రద్దు చేయిస్తా. పరీక్ష కాడికొస్తే పోలీసులకు పట్టిస్తా."

"ఏం దొంగిలించినాం సార్?" గాయత్రి గొంతు హాలంతా వినబడింది. "ఈ ప్రశ్నలన్నీ పాత ఎంట్రన్సులవే. నెట్‌లో ఊరికే దొరుకుతాండాయి. వాటికి మీ సెంటరు పేరేసుకుంది మీరు. మేము మా మతిలో పెట్టుకోని పోయినాం. ఎవరు దొంగలో మీరే చెప్పండి."

ఆయన ఇద్దరినీ బయటికి గెంటించాడు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఆ సాయంత్రమే డేనియల్‌కు ఫోను చేసి, నీ కూతురు దొంగతనం చేసింది, పరీక్షకు పంపావంటే కేసవుతుందని చెప్పాడు. గాయత్రి నాయనకు మాత్రం ఫోను రాలేదు. ఎందుకు రాలేదో ఆళ్లగడ్డలో ఎవరినడిగినా చెబుతారు.

హాల్ టికెట్ రద్దు చేయించడానికి ఆయనెవరు? కానీ ఆ సంగతి డేనియల్‌కు ఎవరు చెప్పినా నమ్మకం కుదరలేదు. పరీక్ష రోజు తెల్లవారగానే గాయత్రి వాళ్లింటికి పోయి బతిమాలింది.

"మామా, ఆయప్ప ఉత్తుత్తికే బెదిరిచ్చినాడు. వందనను పంపు. నా పక్కనే ఉంటాది."

డేనియల్ గడపలోంచి కదల్లేదు. "గోడౌను తాళాలు నా కాడ ఉంటాయి పాపా. దొంగ అనే మాట మా ఇంటికొకసారి వచ్చిందంటే ఆ తాళాలు నాకెవురిస్తారు? నువ్వు అడిగితే ఊరు వింటాది. మేము అడిగితే వినరు. నువ్వు పో."

లోపల వందన బ్యాగు సర్దుకుని గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అది చూసి గాయత్రికే ఏడుపొచ్చింది. ఒక్కతే బస్సెక్కి పోయి పరీక్ష రాసింది. లెక్కల దగ్గర ఆగకుండా ముందుకు పోయింది. ఆ మాట చెప్పిన పిల్ల పక్కన లేదు.

ఫలితాలొచ్చాయి. గాయత్రికి రాష్ట్రంలో పదిలోపు ర్యాంకు. గంట తిరక్కుండానే డైరెక్టరు ఫోను.

"ఏమ్మా గాయత్రీ, మన సెంటరు పేరు నిలబెట్టినావు. బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ ఏపిస్తాండా. మంచి ఫోటో ఒకటి పంపు."

ఎంత సిగ్గులేని మనిషి! గాయత్రి తిట్టబోయి ఆగింది.

"ఫోటో ఇస్తా సార్. ముందు మీరు ఆళ్లగడ్డకు రావల్ల. డేనియల్ మామ ఇంటికాడ నిలబడి, వందన దొంగతనం చేయలేదని చెప్పల్ల."

వస్తాడని ఆమె అనుకోలేదు. ఫ్లెక్సీ మీద ఆయనకంత ఆశ. కారులో వచ్చి డేనియల్ గడప ముందు నిలబడి, గొంతులోనే గొణిగాడు. "ఏదో పొరపాటు జరిగిందప్పా. మీ పాప మంచిదే."

"వినపళ్లే సార్" అన్నాడు డేనియల్. "ఆ పొద్దు క్లాసులో అందరికీ వినపడేటట్ల చెప్పినావంట. ఈ పొద్దూ అట్లనే చెప్పు."

వీధిలో జనం గుమిగూడారు. డైరెక్టరు రుమాలుతో మొహం తుడుచుకుని గట్టిగా చెప్పాడు. "మీ వందన దొంగ కాదు. నేనన్న మాట తప్పు." చెప్పి, ఆ ఊపిరిలోనే గాయత్రి వైపు తిరిగాడు. "ఇంక ఫోటో ఇస్తావామ్మా? ప్రింటింగోళ్లు కాసుకోని ఉండారు."

పోయిన పరీక్ష గురించి ఒక్క మాట లేదు. ఒక ఏడాది మట్టిలో కలిసిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఆయన కంటికి ఆనలేదు. గాయత్రి ఫోను పిడికిలిలో బిగించింది. "ఇయ్యను పో" అనడానికి నోరు తెరిచింది.

"ఇయ్యక్కా" అంది వందన. ఆ పిల్ల నలుగురిలో గొంతెత్తడం వీధివాళ్లు వినడం అదే మొదటిసారి. "మాటిచ్చినావు, ఇయ్యి. వచ్చే ఏడు నా ఫోటో కోసరం మళ్లీ ఈ గడపకే వస్తాడు సూడు. నేను మాటియ్యలే. నేనియ్యను."