వెటూరియాగారి చీజు ధర

వెటూరియాగారు నా కింద పనిచేసేదంటే ఎవరూ నమ్మరు, ఆవిడంటే నాకే హడల్. మా గణాంకాల ఆఫీసుకి పదకొండేళ్లుగా సంతలో ధరలు రాసుకొచ్చేది ఆవిడే. నెలనెలా అదే అంగడి, అదే సరుకు, అదే తూకం. రొట్టె నాలుగు గ్రాములు తగ్గినా ఊరుకోదు. దేశమంతటా ఇలా పోగైన ధరలతోనే బతుకు ఖర్చు ఎంత పెరిగిందో లెక్కగడతారు. దాన్ని బట్టే మా రొమేనియాలో పింఛన్లు పెంచుతారు.

ఒక మంగళవారం ఆవిడ కోటైనా విప్పకుండా నా గదిలోకొచ్చి కూలబడింది. గొర్రెపాల చీజు అమ్మే నికోదీమ్ తనకి కిలో ముప్పైఆరు లేయిలని చెప్పాడట. రాసుకుని నాలుగడుగులు వేసిందో లేదో, వెనకావిడ దగ్గర నలభై తీసుకోవడం చెవిన పడిందట. వెనక్కెళ్లి నిలదీస్తే, మీకు మొదట్నుంచీ పదోవంతు తగ్గించే చెబుతున్నానండీ, మీరంటే గౌరవం అన్నాడట సిగ్గుపడుతూ.

"పదకొండేళ్లు తప్పు రాశాను నాయనా. ఎంతమంది ముసలాళ్ల పింఛన్లు నొక్కేశానో," అంది. ఆ కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు.

నాకు నవ్వొచ్చింది, మింగేశాను. ప్రతిసారీ సరిగ్గా పదోవంతేనా అని అడిగాను. ఒట్టేసి మరీ చెప్పాడట.

"మనకి కావాల్సింది ధర ఎంతన్నది కాదండీ, ఎంత పెరిగిందన్నది. పదకొండేళ్ల కిందట అందరికీ ఇరవై ఉన్నది ఇప్పుడు నలభై అయింది, రెట్టింపు. మీకు చెప్పిన పద్దెనిమిది ముప్పైఆరైంది, అదీ రెట్టింపే. మీరు ఎవరి పింఛనూ నొక్కలేదు."

కాగితం మీద నాలుగైదేళ్ల ధరలు వేసి చూసుకున్నాక గానీ నమ్మలేదు మహాతల్లి. నమ్మిన మరుక్షణం ఇంకో గుబులు పట్టుకుంది. వచ్చే నెల నలభై రాస్తే, చీజు ఒక్క నెలలో నాలుగు లేయిలు ఎగబాకినట్టు కనబడదూ? కనబడుతుంది. అందుకే ఆ అంగడిని వేరే మనిషికి అప్పగించి, పాత ధరలతో పోల్చకుండా అసలు ధరతో కొత్తగా లెక్క మొదలుపెట్టించాను.

శనివారం కూరలకని సంతకెళ్లాను. వెటూరియాగారు పెదాలకి ఎర్రరంగు వేసుకుని, సంచీ పట్టుకుని నికోదీమ్ ముందు నిలబడి ఉంది. కిలో ఎంతని గద్దించినట్టే అడిగింది.

"నలభై. మీకు మాత్రం ముప్పైఆరు," అన్నాడతను భయపడుతూనే.

"అయితే రెండు కిలోలివ్వవయ్యా," అంది. ఆ తగ్గింపుతో ఇక ఎవరి లెక్కా చెడదని గుర్తొచ్చినట్టుంది, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా పకపకా నవ్వేసింది.