ఫొటోలో కనపడని దెబ్బ

మా నాన్న, మా బాపు, ఊళ్లో చెక్క చిరుతలు వాయిస్తూ చిరుతల రామాయణం ఆడేవాళ్లకు వేషాలు వేసేవాడు. కొబ్బరినూనెలో రంగుపొడి కలిపి, పొద్దంతా పొలంలో వంగిన మనిషిని రాముడిగా నిలబెట్టేవాడు. ముఖానికి రంగు కలపడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి ఇచ్చోడకు వచ్చాక ఆ చేతిపనితోనే బ్యూటీ పార్లర్ పెట్టాను. పెళ్లికూతుళ్లు ఫోన్లో ఎవరో హీరోయిన్‌ను చూపించి, "గిట్లనే చెయ్యి అక్కా" అంటారు. చామనఛాయ మీద మూడు పొరలు వేసి తెల్లగా చేసి పంపుతాను. అందులో తప్పేమీ కనిపించేది కాదు.

సర్పంచ్ ఎన్నికలప్పుడు పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఆ ఊరి సీటు ఆడవాళ్లకు రావడంతో భర్త ఆమెను నిలబెట్టాడు. పోస్టర్ కోసం ఫొటో దిగాలి. ఆయన బయట కారులోనే కూర్చున్నాడు. ఆమె ముఖం మీది కొంగు తీసింది. ఎడమ కన్ను కింద నుంచి దవడ దాకా నల్లగా కమిలి ఉంది.

"ఏమైంది చెల్లె?"

"బాత్రూంల జారి పడ్డ."

అద్దంలో నన్ను చూసింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏవో కాయితాల మీద సంతకం పెట్టుమన్నడు. ఏమున్నదో చదివి పెడతనన్న. గంతే."

కమిలిన చోట నలుపును కప్పే నారింజరంగు క్రీం అద్ది, దాని మీద ఆమె చర్మం రంగు వేశాను. అరగంటలో దెబ్బ మాయమైంది. పని బాగా కుదిరిందని లోపల సంతోషపడ్డాను కూడా. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె గెలిచింది. కుర్చీలో ఆయన కూర్చున్నాడు. కొన్ని నెలలకు ఆమె పుట్టింటికి వెళ్లిపోయి, ఇక ఆ ఇంటికి పోనంది. పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. వచ్చి చూసింది చెప్పమని ఆమె కబురు పంపితే వెళ్లాను. భర్త ఫోన్ తీసి పోస్టర్ ఫొటో అందరికీ చూపించాడు.

"ఫొటో దిగే ముందు రోజే కొట్టిండంటుంది గదా. సూడుండ్రి. ఏడున్నది దెబ్బ?"

ఫోన్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. నేను లేచాను. "దెబ్బ ఉండె. నేనే రంగేసి కప్పిన."

"మరి గప్పుడెందుకు చెప్పలే?" అని ఒక పెద్దాయన అడిగాడు.

ఇంకొకాయన నవ్వాడు. "రంగులేసెటోళ్ల మాట ఏం నమ్ముతం!"

ఆమెకు సర్దిచెప్పి, సాయంత్రానికి భర్త కారులోనే ఎక్కించారు.

జెండా పండుగ రోజు పొద్దున్నే, సర్పంచ్‌గా జెండా ఎగరేయడానికి పోయే ముందు, ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి పెదవి చిట్లింది.

"నేను వెయ్య చెల్లె. ఠాణాకు పోదాం పా, నేనొస్త" అన్నాను.

"పిల్లలు ఆడనే ఉన్నరక్కా." అద్దం ముందు కుర్చీలో కూర్చుంది. "నువ్వు వెయ్యకుంటె ఇంకోలు వేస్తరు. నీ చెయ్యయితె మెల్లగుంటది."

రంగు డబ్బా తీసే ముందు ఆ పెదవిని నా ఫోన్లో ఫొటో తీశాను. ఆమె వద్దనలేదు. తర్వాత కళ్లు మూసుకుంది, నేను వేశాను.

అట్లాంటి ఫొటోలు ఇప్పటికి నాలుగయ్యాయి. ఎవరికి చూపించాలో ఆమె చెప్పలేదు. నాకూ తెలియదు.