బండకు అవతలి కొస

పెళ్లయి వచ్చిన ఏడాదే హెప్సిబా జమ్మలమడుగు దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి చేరింది. నాపరాళ్లను మిషను మీదికి ఎక్కించడం, నునుపు తేలాక దించడం పని. బండకు ఇద్దరు కావాలి, ఒక కొసకు ఆడమనిషి, ఇంకో కొసకు మగమనిషి. పేటలో ఆమె ఎరిగిన ఆడవాళ్లంతా అలాంటి ఫ్యాక్టరీల్లోనే పనిచేసేవాళ్లు. చర్చిలో పక్కన కూర్చునేదీ వాళ్లే, ఆటోలో ఒరుసుకుని కూర్చునేదీ వాళ్లే. అందరికీ ఒకటే కూలి. అందుకే ఎవరైనా కూలి మాట ఎత్తితే, "మా ఓనరు ఎవురికీ ఎక్కువ తక్కువ చేయడమ్మా" అనేది. మనస్ఫూర్తిగానే అనేది.

మధ్యాహ్నం మగవాళ్లు గేటు అవతల టీ బంకు దగ్గర చేరేవాళ్లు. ఆడవాళ్లు షెడ్డు వెనక సద్దులు విప్పేవాళ్లు. ఇటువాళ్లు అటు పోకూడదని ఎవరూ చెప్పలేదు. పోలేదు, అంతే.

ఒకనాడు గాలివానకు షెడ్డు రేకులు లేచిపోయాయి. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని టీ బంకు పందిట్లోకి పరుగెత్తారు. హెప్సిబా పక్కన హబీబుల్లా నిలబడి ఉన్నాడు. కమలాపురం నుంచి కొత్తగా వచ్చినవాడు, ఆమె ఎత్తే బండకు రెండో కొస పట్టేవాడు.

"ఈ వానకు పని ఆగిపాయ. ఏడు నూర్లు పోయినట్టే గదక్కా," అన్నాడు.

"ఏడు నూర్లేందప్పా? దినానికి నాలుగు నూర్ల యాభై గదా."

హబీబుల్లా టీ గ్లాసు దించాడు. "ఇద్దరం ఎత్తేది ఒగటే బండ. నీకూ ఏడు నూర్లే అనుకుంటాండా ఇన్నాళ్లూ."

ఆమెకు కోపం కూడా రాలేదు. మొదటిసారి గండికోట అంచున నిలబడి, లోయలో అంత లోతున పెన్నను చూసినట్టే అనిపించింది. బండంత దూరంలో, ఇన్నేళ్లూ, ఇంకో లోకం ఉండింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. ఎప్పుడూ అడుగుపెట్టని వీధుల్లోకి పోయింది. పక్క ఫ్యాక్టరీలో చేసే అజ్మత్ బీ పీట వేసి, చెప్పిందంతా వింది. "మా వీధిలో ఆడోళ్లందరికీ అంతే. లోకమంతా అంతేలే అనుకుంటిమి," అంది.

సోమవారం నుంచి ఆడవాళ్లు టీ బంకు దగ్గరే అన్నం తిన్నారు. మగవాళ్లు మొదట బిగుసుకున్నారు, తర్వాత తమ కూలి ఎంతో నోరు విప్పి చెప్పారు.

ఆ శనివారం కూలి బట్వాడా అప్పుడు హెప్సిబా గుమాస్తా కోదండపాణిని నిలేసింది. రెండు రకాల కూలీ పంచేది ఆయన చేతులే.

ఆయన కూలి పుస్తకం తిప్పి రెండు లెక్కలూ చూసుకున్నాడు. "మా ఇంటామె టీచరమ్మా. ఆ ఇస్కూల్లో ఆడా మగా తేడా లేదు. మా చుట్టాలంతా అట్లాంటి ఉద్యోగస్తులే. ఈ కాలంలో యాడుంది ఆ తేడా అని నేనే నలుగురికీ చెప్తాంటిని. నా చేత్తో పంచుతా కూడా నాకు కనపడలే."

సమానంగా ఇమ్మంటే యజమాని కుదరదన్నాడు. సోమవారం ఆడవాళ్లెవరూ కొస పట్టలేదు. మగవాళ్లనే ఇద్దరిద్దరుగా ఎత్తమన్నాడు మేస్త్రి.

"మా జోడీ ఆడ కూచోనుంది," అని హబీబుల్లా చేతులు దులుపుకున్నాడు. ఒకరిద్దరు గొణిగారు గానీ ఎవరూ వంగలేదు. ఒక్కొక్క మిషనే ఆగింది. రాతి దుమ్ము మెల్లగా దిగి, షెడ్డు అవతల వేపచెట్టు స్పష్టంగా కనపడింది. దాని మీద పిట్టలు అరుస్తున్నాయి. ఇన్నేళ్లలో ఆ అరుపు హెప్సిబా ఎన్నడూ వినలేదు. ఇంత నిశ్శబ్దం తమ చేతుల్లో ఉందా అని ఆమె తన అరచేతులు చూసుకుంది.

వారం తిరిగేసరికి ఆడవాళ్ల కూలి ఆరు నూర్లయింది. సమానం ఇంకా కాలేదు. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా దాచదు.

ఈ మధ్య పులివెందుల అరటి తోటల్లో చేసే సింధూ అనే ఆమె ఎవరినో అడిగి నంబరు తెచ్చుకుని ఫోన్ చేసింది. "మీకు పెంచినారంట గదక్కా. మా తావ బాగానే ఇస్తాండారులే. ఆడోళ్లందరికీ ఒగటే."

"మగోళ్లకెంతో అడిగితివా?"

అవతల సింధూ తోటలో ఎవరో అన్నను కేకేసి పిలిచింది. హెప్సిబా తొందరపెట్టలేదు, ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది.