పడవవాళ్ళ మీద ఒక గోడ

అత్తిముగం మునెప్పకు యాభై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఆరేళ్ళు గోడల ముందే గడిచిపోయాయి. తమిళం, కన్నడం, తెలుగు కలిసే ఆ సరిహద్దులో ఏ లిపి అయినా ఆయన చేతిలో గుండ్రంగా తిరుగుతుంది. పొద్దున ఒక పార్టీకి రాసి, మధ్యాహ్నం దాన్ని తిట్టే పార్టీకి రాసిన రోజులున్నాయి. ఏం రాస్తున్నావని ఎవరైనా అడిగితే "అక్షరాలప్పా" అనేవాడు. జనం అది వినయమనుకున్నారు. తప్పించుకోవడమని నాకనిపిస్తుంది.

ఫ్లెక్సులొచ్చి ఆ పనిలో సగం తినేశాయి. మిగిలిన సగం క్యాంపువాళ్ళు తింటున్నారని ఆయన లోపల రగిలేవాడు. కృష్ణగిరి దగ్గర శ్రీలంక తమిళుల క్యాంపులో చాలామంది మగవాళ్ళకు పెయింటింగే బతుకుతెరువు. తక్కువ కూలికే వస్తారు. ఆ తక్కువ కూలి చూసే మునెప్ప కూడా వాళ్ళలో ఒకణ్ణి, మురుగన్‌ని, తోడు పెట్టుకున్నాడు. ఈయన అక్షరానికి అంచు గీస్తే, నిచ్చెనెక్కి లోపల రంగు నింపేది అతను.

మురుగన్ మూడేళ్ళ కిందట, ద్వీపంలో తిండికి కరువొచ్చినప్పుడు, భార్యతో పడవెక్కి ధనుష్కోడి ఇసుకలో దిగినవాడు. కాగితాలు లేవు. క్యాంపు దాటి ఇంత దూరం పనికొస్తున్నాడని ఎవరైనా పిటిషన్ పెడితే కేసవుతుంది. నోరు తెరిస్తే ద్వీపం యాస పట్టిస్తుంది. అందుకే మునెప్ప అందరికీ ఒకటే చెప్పి పెట్టాడు: "అంచెట్టి పక్కోడప్పా. మాట రాదు, పాపం."

ఎన్నికలు దగ్గరపడ్డాయి. క్యాంపులో కొత్త ఇండ్లు కట్టాలని ఒక పార్టీ, పడవవాళ్ళకు జానెడు చోటు కూడా ఇవ్వకూడదని ఇంకో పార్టీ. టీవీల్లో రోజూ అదే కొట్లాట. రెండో పార్టీ నాయకుడు షూలగిరికి వస్తున్నాడు. దారి పొడవునా గోడలు రాయించే పని రఘునాథ్‌కు అప్పజెప్పారు. భూములున్న ఇంటి కొడుకు, పార్టీలో పైకి రావాలని తొందర పడుతున్నవాడు. అతనిచ్చిన కాగితంలో ఒకటే వాక్యం: 'పడవెక్కి వచ్చినవాళ్ళను పడవెక్కించి పంపుదాం.'

"ఈ గోడ నీకు వద్దంటే ఇంకొకణ్ణి పిలుచుకుంటా" అన్నాడు మునెప్ప మురుగన్‌తో తమిళంలో, గొంతు తగ్గించి.

"మూగోడు ఎందుకు మానేశాడని అడుగుతారు కదన్నా" అని మురుగన్ ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు.

పాల సొసైటీ గోడ సగం నిండేసరికి రఘునాథ్ కారు దిగాడు. వెంట ఇద్దరు.

"మూగోడు బాగా నింపుతాడే మునెప్పా. యాడ పట్టినావు?"

"అంచెట్టి పక్క."

"నోరు లేనోడైతే కూలి బేరం కూడా ఉండదు. నీ తెలివి తెలివేనప్పా."

వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. నిచ్చెన మీద బ్రష్షు కదులుతూనే ఉంది.

"మన టమాటాకు ధర లేదు, మన బోర్లలో నీళ్ళు లేవు. వాళ్ళకు మాత్రం ఇండ్లా?" అన్నాడు రఘునాథ్.

మునెప్ప నోరు ఊరుకోలేదు. "వాళ్ళు పోతే బోర్లో నీళ్ళు వస్తాయా అప్పా?"

రఘునాథ్ నవ్వు ఆపి ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఏం మునెప్పా, నువ్వు ఏ పక్క?" ఫోను తీశాడు. "సరే, ఆ మూగోణ్ణే వీడియో తీస్తా. నోరు లేనోడే రాస్తుండాడు, నోరుండే మనం ఊరుకుంటామా అని పెడితే జిల్లా అంతా తిరుగుతుంది. ఒరే, ఇటు తిరగరా."

బ్రష్షు ఆగింది. రంగు గోడ మీద చారగా కిందికి కారింది. ఆ ముఖం జిల్లా అంతా తిరిగితే క్యాంపు చూసే పోలీసుల ఫోన్లోకీ చేరుతుంది. మునెప్ప నిచ్చెనకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వాడు తిరిగితే కింద పడతాడప్పా. నన్ను తియ్. ముప్పై ఆరేళ్ళుగా రాస్తుండా, ఒక్కరైనా నా మొహం తీసినారా?"

"మాట్లాడతావా?"

"మాట్లాడతా."

మునెప్ప ఫోను ముందు నిలబడి గోడ మీది వాక్యాన్ని చదివాడు. రఘునాథ్ పెదవి విరిచాడు. "రేషన్ అంగడిలో పేర్లు పిలిచినట్లుంది. నీ కష్టం చెప్పప్పా."

మునెప్ప గొంతు సవరించుకున్నాడు. "నేను అత్తిముగం మునెప్ప. ఈ చేత్తో ఎన్ని గోడలు రాసినానో లెక్కలేదు. ఈ పొద్దు నాకు గోడ లేదు. సముద్రం దాటి వచ్చినోళ్ళు సగం కూలికి ఎగబడి నా చేతిలో బ్రష్షు లాక్కున్నారు. వాళ్ళు పోవాల. పోతేనే మాకు బతుకు." చెబుతుంటే గొంతు పెరిగింది, చెయ్యి లేచింది. రఘునాథ్ చాలని సైగ చేశాక కూడా ఇంకో రెండు మాటలు కలిపాడు. తన వెనక నిచ్చెన మీద ఎవరున్నారో ఆ కాసేపు ఆయనకు గుర్తు లేదు.

సాయంత్రం మునెప్ప అతణ్ణి షూలగిరి బస్టాపు దాకా బండి మీద తీసుకెళ్ళాడు. దిగాక మురుగన్ అన్నాడు: "నన్ను కాపాడినారన్నా. మర్చిపోను."

"అట్లా చెప్పకుంటే వాడు వదలడు."

"వదలడు. మొదటిసారి గోడ మీది మాట నా కోసం చదివినారు. రెండోసారి చెప్పింది మాత్రం మీ మాటే."

బస్సు వచ్చింది. ఎక్కాడు.

మరునాడు పొద్దున తొమ్మిది దాకా మునెప్ప అదే బస్టాపులో అతని కోసం ఎదురుచూశాడు. కృష్ణగిరి నుంచి నాలుగు బస్సులు వచ్చాయి. మురుగన్ దిగలేదు, అతని ఫోను స్విచ్చాఫ్. ఐదో బస్సు కోసం చూస్తుండగా రఘునాథ్ ఫోన్ చేశాడు.

"నీ వీడియో నాయకుడే చూసినాడు మునెప్పా. మీటింగులో నిన్ను స్టేజి మీదికి పిలుస్తారంట. ఆ మాటలే ఇంకొంచెం గట్టిగా చెప్పాల."

మునెప్ప ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రోడ్డు అంచుకు వచ్చాడు. ఐదో బస్సు వచ్చి ఆగింది, ఇద్దరు ఆడవాళ్ళు దిగారు, కదిలిపోయింది.

"స్టేజి మీద నాకు కుర్చీ ఏస్తారా అప్పా?" అని అడిగాడు.