నారాయణగూడలో గొడ్డలి విసరాలంటే ఒక నంబరు కావాలి

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది. ఆమె నాకెలా పరిచయమైందో ముందుకు వెళ్ళాక చెబుతాను. మా ఆయన సైన్‌బోర్డులు రాసేవాడు. ఆయన సుద్దముక్కతో అక్షరాల అంచులు గీస్తే లోపల రంగు నింపేది నేను. ముప్పై ఏళ్ళు చిక్కడపల్లి కొట్లకు ఇద్దరం కలిసి బోర్డులు చేశాం. ఏ అక్షరం ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో నాకు తెలుసు. అదేమంటుందో మాత్రం తెలియదు. ఫ్లెక్సీలు వచ్చి పని తగ్గింది. తర్వాత ఆయనా పోయాడు, నాలుగేళ్ళయింది. అశోక్‌నగర్‌లో నా కిరాయి గదిలో రంగు డబ్బాలున్నాయి, కుంచెలున్నాయి, గీత గీసే మనిషి లేడు. ఖాళీ చెక్క ముందు కూర్చునేదాన్ని. కుంచె ఎండిపోయాక లేచేదాన్ని.

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. పాత చెక్కల కోసం కట్టెల అడితికి వెళితే, "మంచియన్నీ నారాయణగూడకు పోతున్నయమ్మా. ఆడ పైసలిచ్చి గొడ్డళ్ళు ఇసురుతరు" అన్నాడు అడితి యజమాని.

"కట్టెలు కొడ్తరా?"

"లే. ఊకెనే, ఆట."

మంచి చెక్కను ఊరికే నరికేవాళ్ళను నాలుగు మాటలు అనేసి, ఆ నరికిన చెక్కైనా తెచ్చుకుందామని ఆదివారం తొమ్మిదింటికి బయలుదేరాను. వీధి మలుపులో టిఫిన్ బండి ఉంది. హాస్టల్ పిల్లలు ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ప్లేటుతో నిలబడే తింటారు. నలభై రూపాయలకు కడుపు నిండుతుంది. బండి ఆమె నన్ను ఎరుగును.

"పొద్దున్నే ఎటు పోతున్నవమ్మా?"

"గొడ్డలి పంచాయితీకి."

"ఎవల మీదికి?"

"పోయినంక చూడాలె."

అక్కడి నుంచి చిక్కడపల్లి మెట్రో నా నడకకు ఇరవై నిమిషాలు. దారిలో ఒక స్టీలు సామాన్ల కొట్టుంది. దాని షట్టరు మీద మా ఆయన గీసిన అక్షరాలు, నేను నింపిన నీలం ఇంకా ఉన్నాయి. పైన ఫ్లెక్సీ కట్టారు గానీ షట్టరు జోలికి పోలేదు. పదింటికి కొట్టు తెరిస్తే అక్షరాలు చుట్టుకుని పైకి పోతాయి. చూడాలనుకునేవారు ఆలోపే వెళ్ళాలి. కింద మూలన మా ఫోన్ నంబరుంటుంది. ప్రతి బోర్డు మీదా వేసి వేసి ఆ పది అంకెలు, ఆ వరసలోనే, నాకు నోటికి వచ్చాయి. చదువంటే నాకు అంతే.

మెట్రోకు లిఫ్టుంది, మోకాళ్ళకు భయం లేదు. ఎక్కిన తర్వాత వచ్చే మొదటి స్టేషనే నారాయణగూడ. దిగి సందులోకి తిరిగితే ఆ గొడ్డళ్ళ చోటు రెండో అంతస్తులో ఉంది. జాలీ కట్టిన గదులు, ప్రతి గది చివర చెక్క, చెక్క మీద రంగు చుట్లు. పోట్లాడదామనే వెళ్ళాను. కానీ ఆ చెక్క మీద గీతలు చూశాను. ఒకటి లోతు, ఒకటి వాలు, ఒకటి తోకలా సన్నబడింది. వాటిని ఎవరూ సుద్దతో గీయలేదు. నా చేతికి కుంచె కావాలనిపించింది. ముందు గొడ్డలి అడిగాను.

అరగంటకు మూడు వందలు. కౌంటర్లో నలభై ఏళ్ళ మనిషి ఒక కాగితం ఇచ్చి, చదివి సంతకం పెట్టమన్నాడు.

"నాకు రాదు. నువ్వే చదువు."

మొత్తం చదివాడు. కాలివేళ్ళు కనిపించే చెప్పులతో లోపలికి రావద్దని ఉంది. నా వెనక నిలబడ్డ ఆమె కిందికి చూసుకుంది. "ఆర్నెల్ల సంది చెప్పులతోనే వస్తున్న. ఈ కాయితంల ఏముందో ఇయాల్నే ఇన్న."

"అక్కా, జర మెల్లగ" అన్నాడతను. మా ఇద్దరికీ అక్కడ ఉంచిన బూట్లే ఇచ్చాడు.

చివర ఒక గడి మిగిలింది. మనకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళ నంబరు. నాకు వచ్చిన పది అంకెలూ చెప్పాను. సరిచూసుకోవడానికి అతను తన ఫోన్‌లో ఆ నంబరు కొట్టాడు. నా సంచిలో మోగింది.

"ఇది మీ దగ్గర్నే ఉన్నది గదమ్మా."

"మా ఆయనది. పోయిండు. నాకేమన్న అయితే నేనే ఎత్తుత."

"అట్ల కుదరదు. చెల్లెనో, పక్కింటోళ్ళో ఎవరన్న ఉంటరు గద?"

ఆలోచించాను. ఇంటి ఓనరు గుర్తొచ్చాడు, కిరాయి తప్ప వేరే మాట ఎరగడు. ఇంకెవరూ గుర్తు రాలేదు. వెనక వరసలో అందరూ వింటున్నారు. సంచిలో ఫోను ఇంకా మోగుతూనే ఉంది. నేను బూట్లు విప్పడం మొదలుపెట్టాను.

"అన్నా, నా నంబర్ రాయండి" అంది వెనకున్న ఆమె.

"మీకేమైతది ఆమె?"

"లైన్ల నా ముందల నిలబడ్డది."

ఆమే సుజాత. విద్యానగర్‌లో ఉంటుంది, బ్యాంకులో పని. నేను వేలిముద్ర వేశాను.

నాలుగుసార్లు గొడ్డలి చెక్కకు తగిలి కింద పడింది. "బలం పెట్టకమ్మా, వదిలెయ్" అన్నాడు కౌంటరతను. వదలడం నాకు తెలిసిన పనే. అక్షరం తోక దగ్గర కుంచెను ఎప్పుడు లేపాలో ముప్పై ఏళ్ళు చేసినదాన్ని. అయిదోది దిగింది. సుజాతలాగే ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు ఏడుగురున్నారు, వాళ్ళు చప్పట్లు కొట్టారు. వెళ్ళేటప్పుడు పాడైన చెక్క ఒకటి అడిగాను.

"పొయ్యిల పెట్టుకుంటవా అమ్మా?"

"రంగేస్త. ఎక్కువ మాట్లాడితే నీ మొకానికేస్త."

చెక్కతో మెట్రో ఎక్కనివ్వరేమోనని ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. ఒంటిగంటకు గది చేరాను. ఒక్కో గాటులో ఎరుపు, పసుపు నింపుతూ కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు పూర్తయింది. బాగుంది. తల తిప్పాను, చూపించడానికి. గదిలో ఎవరూ లేరు.

ఒంటరివాళ్ళు గొడ్డలి విసరకూడదా అని ఆ గడి మీద నాకిప్పటికీ కోపమే. కానీ మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి సుజాత కౌంటరు దగ్గర కాగితం నింపుతోంది. ఇన్నాళ్ళూ ఆ గడిలో ఇంట్లో ఉండే తన రెండో ఫోన్ నంబరే రాసిందట. "అమ్మా, మీ నంబర్ చెప్పుర్రి" అంది. చెప్పాను. కౌంటరతను కొట్టాడు, నా సంచిలో మోగింది. ఈసారి ఎత్తాను.

వెళ్ళేవారికి ఒకే సలహా. ఆ గడికి నంబరు లేకపోతే వరసలో మీ వెనకున్నవాళ్ళను అడగండి. మీ ఫోనుకు మాత్రం చార్జింగ్ ఉంచుకోండి.