ముందు ఆ ఐదుగురికీ వడ్డించు

స్లేట్‌ఫోర్క్‌లో లైల్ హుడాక్ తెలియనివాళ్ళు లేరు. పొద్దున స్కూలు బస్సు నడుపుతాడు. సాయంత్రం అదే స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ పిల్లలకు, అంటే ఆట నడిపించేవాళ్ళకు, బంతి విసరడం నేర్పుతాడు. బస్సుకి జీతమిస్తారు, బంతికి టోపీ ఇస్తారు. ముప్ఫై ఏళ్ళలో అలాంటి టోపీలు పదకొండు పోగయ్యాయి. పన్నెండోదాన్ని కుక్క కొరికేసింది.

పొద్దున్నే డోనట్ల కొట్లో కాఫీ దగ్గర చేరే పెద్దమనుషులకు ఫుట్‌బాల్ విషయంలో తలా ఒక సిద్ధాంతం ఉంది. లైల్‌ది మాత్రం ముప్ఫై ఏళ్ళుగా మారనిది: "తొమ్మిదో క్లాసు పిల్లాణ్ణి మైదానంలోకి తొయ్యకండయ్యా. కొన్నేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టండి. చూసి నేర్చుకుంటాడు. పిందెని కోసుకొచ్చి పండమంటే పండుతుందా?"

ఆయనెందుకలా అంటాడో అందరికీ తెలుసు కనక ఎవరూ ఎదురు చెప్పరు. 1983లో లైల్‌కి పద్నాలుగేళ్ళు. పన్నెండో క్లాసు డెన్నీ క్రోల్‌ని పక్కన కూర్చోబెట్టి అప్పటి కోచ్ లైల్‌ని దింపాడు. క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి అందాక, ఎవరికి విసరాలో మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. అంతసేపూ అవతలివాళ్ళు మీదపడకుండా ముందు ఐదుగురు గోడ కడతారు. మూడో ఆటలో ఎడమ పక్కనుంచి ఒకడు అడ్డూ ఆపూ లేకుండా దూసుకొచ్చి లైల్‌ని నేలకేసి కొట్టాడు. రెండు పక్కటెముకలు, మెడ కింది ఎముక విరిగాయి.

ఎముకలు రెండు నెలల్లో అతుక్కున్నాయి. భయం అతుక్కుని వదల్లేదు. తర్వాత మూడేళ్ళూ మనిషి దగ్గరికి రాకముందే బంతి చేతిలోంచి పోయేది. "చెయ్యి కాలిందా లైల్?" అని ఊరంతా అరిచేది. ఆయన ఎవర్నీ నిందించలేదు. తప్పంతా తన వయసుదేననుకున్నాడు, పాపం.

ఈ ఏడాది టానర్ బీల్ వంతు వచ్చింది. లైల్ మాట ప్రకారం మూడేళ్ళు బెంచీ మీద కూర్చున్న పిల్లాడు. ఎత్తులన్నీ కంఠతా వచ్చు. మైదానంలోకి దిగితే మాత్రం అన్నీ చదివి పరీక్షలో పెన్ను కదలని వాడిలా నిలబడిపోయాడు. మొదటి రెండు ఆటలూ ఓడిపోయారు. బెంచీ మీద ఇంకొకడున్నాడు, ఎమ్మెట్ గెయిన్స్. తొమ్మిదో క్లాసు. వాడు బంతి విసిరితే తల తిప్పేలోగా వచ్చి చేతుల్లో పడుతుంది.

సోమవారం కోచ్ రస్నాక్ లైల్‌ని పక్కకి పిలిచాడు.

"శుక్రవారం ఎమ్మెట్‌ని దింపుదామనుంది. నువ్వు వద్దంటే దింపను."

"బుధవారం చెప్తాను" అన్నాడు లైల్. కానీ వద్దనాలని మనసులో అప్పుడే అనేసుకున్నాడు.

బుధవారం పొద్దున కొట్లో ఆ మాటే చెప్పాడు. పక్కన బెర్నీ యూరిక్ ఉన్నాడు. ఆనాడు లైల్ ముందు గోడలో ఎడమ కొస కాసినవాడు. ఇప్పుడు వాళ్ళ మనవడు నేట్ అదే చోట ఆడుతున్నాడు. బెర్నీ సగం తిన్న డోనట్ పక్కన పెట్టేశాడు.

"తప్పు వయసుది కాదురా లైల్."

"మరి దేనిది?"

"ఆ రోజు వాడు నన్ను దాటుకుని రాలేదు. నేనే తప్పుకున్నా. ఐదుగురం ముందే అనుకున్నాం. మా డెన్నీని కూర్చోబెట్టి నిన్నెక్కించారని కడుపుమంట. ఒక్కసారి నేల చూపిద్దామనుకున్నాం. ఎముకలు విరుగుతాయనుకోలేదురా."

"నలభై ఒక్క ఏళ్ళు నా పక్కనే కాఫీ తాగావు కదరా! ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"నిన్న మా నేట్ నవ్వుతూ అన్నాడు. 'ఎమ్మెట్‌ని దింపితే దింపనీ తాతా, మేం నేల చూపిస్తాం' అని. అచ్చంగా నా మాటే."

లైల్‌కి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. కప్పు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ పొద్దున బస్సు ఒక స్టాపు దాటి పోయింది. పిల్లలు కేకలేస్తే ఆపాడు.

స్లేట్‌ఫోర్క్‌లో ఒక పద్ధతుంది. గురువారం సాయంత్రం గోడ కట్టే ఐదుగురికీ క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో భోజనం. వాడే స్వయంగా వడ్డించాలి. వాళ్ళు తిన్నాకే వాడు తినాలి. ఆనాడు లైల్ అది చెయ్యలేదు. వాళ్ళమ్మకి సాయంత్రం డ్యూటీ. పైగా ఆ ఐదుగురూ ఎప్పటిలా డెన్నీ ఇంటికే వెళ్ళిపోయేవారు. పిలవాలని పద్నాలుగేళ్ళ పిల్లాడికి తోచలేదు, పిలవమని చెప్పిన పెద్దా లేడు. ఎమ్మెట్ వాళ్ళమ్మదీ సాయంత్రం డ్యూటీయే, ఉండేది లాండ్రీ పైన రెండు గదుల్లో. ఇదంతా స్టీరింగు దగ్గర కూర్చుని ఆలోచించాడు లైల్.

మధ్యాహ్నం కోచ్‌కి ఏదీ దాచకుండా చెప్పేశాడు. "ఆ ఐదుగుర్నీ పీకి పారేస్తా!" అన్నాడు కోచ్.

"పారేస్తే వాళ్ళ చోట వచ్చేవాళ్ళు చేస్తారు. రేపటిదాకా ఆగు. భోజనం మా ఇంట్లో. అప్పటికీ లొంగకపోతే ఎమ్మెట్‌ని దింపొద్దు."

గురువారం ఐదింటికి లైల్ పొయ్యి మీద రెండు పెద్ద గిన్నెల నిండా హలుష్కి సిద్ధం. వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్స్, దానిలోకి పొగబెట్టిన సాసేజి. ఐదుగురూ మూతులు ముడుచుకుని వచ్చారు. టానర్‌ని కూడా పిలిచాడు. వాడు వస్తాడని లైల్ అనుకోలేదు, కానీ వచ్చాడు.

ముందు టానర్ వైపే తిరిగాడు లైల్. "నిన్ను మూడేళ్ళు కూర్చోబెట్టమంది నేనే. నీ మంచికని చెప్పాను. నా భయం కొద్దీ చెప్పాను నాయనా. అది నీకు అన్యాయం."

టానర్ కళ్ళు నేలకి దిగాయి. అప్పుడు మనవడితో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డ బెర్నీ గొంతు సవరించుకుని, కొట్లో చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు, ఈసారి మనవడి మొహంలోకి చూస్తూ. లైల్ చొక్కా పై బొత్తాం విప్పి, మెడ కింద ఎముక వంకరగా అతుక్కున్న చోటు చూపించాడు. నేట్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నువ్వా తాతా?" అన్నాడు.

"నేనే" అన్నాడు బెర్నీ.

ఎమ్మెట్ గరిటె పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. ఎవరికెంత వెయ్యాలో తెలియదు వాడికి. టానర్ చాలాసేపు వాణ్ణే చూశాడు. తర్వాత లేచి వాడి పక్కకెళ్ళాడు.

"నేట్‌కి ఉల్లిపాయ పడదు, ఏరెయ్. వాడికి గిన్నె అడుగున మాడింది కావాలి, గీకి పెట్టు. ఆ మూలవాడికి రెండింతలు వెయ్యి, లేకపోతే రేపు మైదానంలోనే నిద్రపోతాడు."

"నేనేం నిద్రపోను!" అన్నాడు మూలవాడు, పళ్ళెం ముందుకి చాస్తూ.

నవ్వారు. ఆ నవ్వుకి లైల్ గుండె కొంచెం కుదుటపడింది.

ఐదుగురూ తింటున్నారు. బెర్నీ ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ. లోపలికి రమ్మనే మనసు లైల్‌కి లేదు, వెళ్ళిపోడానికి బెర్నీకి కాళ్ళు రాలేదు. లైల్‌కి కోపం పోలేదు. అయినా ఒక పళ్ళెం తీసుకుని నిండుగా వడ్డించి తెచ్చి ఇచ్చాడు.

"నా ముందు కాసినవాడివి నువ్వేగా. నీకు పెట్టాకే నేను తినాలి. కూర్చో."

బెర్నీ కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక కళ్ళు తుడుచుకుని, ఉప్పు తక్కువైందన్నాడు.

శుక్రవారం ఎమ్మెట్ దిగాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. డోనట్ల కొట్లో దాని మీద రెండు రోజులు పంచాయితీ జరిగింది. రెండో క్వార్టర్లో ఎడమ పక్కనుంచి ఒకడొచ్చి ఎమ్మెట్‌ని పడగొట్టాడు. లైల్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నేట్ వాణ్ణి చంకల కింద చేతులేసి లేపి, చెవిలో ఏదో అంటున్నాడు.

సోమవారం పొద్దున ఎమ్మెట్ బస్సెక్కుతుంటే లైల్ ఉండబట్టలేక అడిగాడు. "పడిపోయినప్పుడు నేట్ ఏమన్నాడురా?"

"'తప్పు నాది. ఇంకోసారి వాడు నీదాకా రాడు' అన్నాడండీ."

"వచ్చాడా?"

"రాలేదు."

లైల్ తల ఊపాడు. వెనక వరుసలో పిల్లలు ఏదో గోల చేస్తున్నా ఆ పూట కసురుకోలేదు. తలుపు మూసి బస్సు ముందుకి పోనిచ్చాడు.