బూట్లు విప్పిన మధ్యాహ్నాలు

నేను వంకర పాదంతో పుట్టాను. పసితనంలోనే ఆపరేషన్ చేసి కుడి పాదాన్ని సరిచేశారు. ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా పగలంతా ఇనుప కమ్మీలున్న బూట్లు వేసుకునే ఉండాలన్నారు.

నరసాపురంలో మా ఇంటి అరుగు మీద అమ్మ లేసు అల్లుతూ కూర్చునేది. మధ్యాహ్నం వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నేను ఏడ్చేదాన్ని. అమ్మ అటూ ఇటూ చూసి, బూట్లు విప్పేసి, "నాన్నగారు వచ్చేలోపు వచ్చెయ్యి" అనేది. వెచ్చటి మట్టి అరికాలికి తగలగానే నాకు నవ్వు ఆగేది కాదు.

ఈమధ్య చీలమండ నొప్పి ఎక్కువై, గొంతుక్కూర్చోవడం కూడా కష్టమై, అమ్మను తోడు తీసుకుని రాజమండ్రిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే చూపించారు.

"ఈ ఎముక పైభాగం గుండ్రంగా ఉండాలండి. మీకు చదునుగా ఉంది. అందుకే గొంతుక్కూర్చోలేకపోతున్నారు."

అమ్మ ముఖం పాలిపోయింది. "నావల్లేనండి. ఇది ఏడుస్తుంటే చూడలేక రోజూ కాసేపు బూట్లు విప్పేసేదాన్ని" అంది. ముప్పై ఏళ్లుగా ఆ బాధ నాతో కూడా చెప్పుకోలేదు.

"దానివల్ల కాదమ్మా. చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి ఎముక ఇలాగే ఎదుగుతుంది" అన్నారు డాక్టరు. నొప్పి తగ్గడానికి కొన్ని వ్యాయామాలు చెప్పారు.

బయటికొచ్చాక అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఆవిడ నిజమే చెప్పారంటావా?" అని అడిగింది.

"నిజమేనమ్మా. అయినా చిన్నతనం అనగానే నాకు గుర్తొచ్చేవి ఆ మధ్యాహ్నాలే."

అమ్మ తలూపింది. అయినా నా చెయ్యి పట్టుకుని, చంటిపిల్లను దింపినట్టు ఆసుపత్రి మెట్లు ఒక్కొక్కటే దింపింది.